మూడు తీగల సంథ

1993 వేసవి. హైదరాబాదులో ఒక చిన్న అచ్చాఫీసు వెనకగది. బల్ల మీద రెండు కంప్యూటర్లు, మధ్య జానెడు ఎడం. పాతదానికి అయిదుంపావు అంగుళాల ఫ్లాపీ తప్ప ఎక్కదు. కొత్తది మూడున్నర అంగుళాలది తప్ప మింగదు. పాతదాని కడుపులో ఒక ఘనాపాఠిగారి ఉపనిషత్తుల వ్యాఖ్యానం మొదటి భాగం ఉంది. ఆయన చెబుతూంటే ఒక కుర్రాడు మూడు నెలలు కూర్చుని కొట్టినది, తొంభై కిలోబైట్లు. అది ఆ జానెడు దాటాలి. కంప్యూటర్లంటే కాస్త తెలిసినవాడినని ఆ పని నా నెత్తిన పడింది.

కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి ఇరవై అయిదు పిన్నుల కనెక్టర్లు రెండు, రెండు గజాల తీగ కొనుక్కొచ్చాను. ఘనాపాఠిగారు కుర్చీ దగ్గరకు జరుపుకుని నేను టంకం వేస్తుంటే చూస్తూ కూర్చున్నారు. కాసేపు ఊరుకుని, “ఇరవై అయిదు పిన్నులు పెట్టుకుని మూడింటికే తీగ వేస్తున్నావేం నాయనా?” అన్నారు. ఆ మధ్యాహ్నం ఆయన అడిగిన ప్రశ్నల్లో అది మొదటిది. ముప్పై ఏళ్లు దాటినా వాటిలో ఒకటీ మరపున పడలేదు.

అమెరికాలో ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం 1960లో ఆర్ఎస్-232 అనే ప్రమాణం తెచ్చింది. 1969లో వచ్చిన దాని ‘సి’ సవరణే మా తరం చేతుల్లో నలిగింది. రెండు కంప్యూటర్లు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటాయన్న ఊహ దాన్ని రాసినవాళ్లకు లేదు. వాళ్ల లెక్కలో ఒక పక్క టెర్మినలు, రెండో పక్క మోడెం, మోడెం వెనక టెలిఫోను తీగ. అందుకని కంప్యూటరు రెండో పిన్ను మీద మాట్లాడి మూడో పిన్ను మీద వింటుంది. మోడెం రెండోదాని మీద విని మూడోదాని మీద జవాబిస్తుంది. అలా కాక రెండు కంప్యూటర్లనే తిన్నగా కలిపామా, రెండూ రెండో పిన్ను మీదే అరుస్తాయి. మూడో పిన్ను దగ్గర రెండూ చెవులు రిక్కించుకుని కూర్చుంటాయి. నోటికి నోరు, చెవికి చెవి. తీగ బాగానే ఉంటుంది, కరెంటు ఉంటుంది, ఒక్క అక్షరం దాటదు.

అందుకని ఒక చివరి రెండో పిన్నును అవతలి చివర మూడో పిన్నుకు వేస్తాం. ఈ మెలిక తీగకు ‘నల్ మోడెం’ అని పేరు. లేని మోడెం అని అర్థం. మధ్యవర్తి లేడు గానీ, ఒకరి నోటిని ఇంకొకరి చెవికి చేర్చే ఆయన పని తీగ మెలికలో మిగిలిపోయింది.

మూడో తీగ ఏడో పిన్ను నుంచి ఏడో పిన్నుకే, మెలిక లేకుండా పోతుంది. దాంట్లో మాటేమీ నడవదు. మిగిలిన రెండు తీగల మీద మూడు వోల్టులకు పైనుంటే సున్నా, మైనస్ మూడుకు కిందనుంటే ఒకటి, నడుమ ఉన్నదానికి అర్థం లేదు. అదీ లెక్క. మరి దేనికి పైన, దేనికి కింద? ఆ ‘దేనికి’ అన్నదే ఈ ఏడో పిన్ను తీగ. అది ఊడిపోతే మిగిలిన రెండు తీగలూ ఎంత మొత్తుకున్నా అవతలివాడికి అది పైనో కిందో తెలిసే దారి లేదు. నేను దీన్ని గ్రౌండు అన్నాను. ఘనాపాఠిగారు తల ఊపి, “సాక్షి” అన్నారు. చేసేదేమీ లేదు, చెప్పేదేమీ లేదు, కానీ అది ఉంటేనే మిగతా ఇద్దరి మాటకూ విలువ. వేదాంత పాఠాల్లో సాక్షికి ఇచ్చే దీపం ఉపమానం కంటే, వేడి తగ్గని టంకంతో మెరుస్తున్న ఆ నల్లతీగే నాకు ఎక్కువ అర్థమైంది.

మిగిలిన పిన్నుల సంగతి కాస్త సిగ్గుపడుతూ చెప్పాలి. నాలుగోదాని మీద కంప్యూటరు ‘పంపనా?’ అని అడుగుతుంది. అవతలివాడి ‘పంపు’ అన్న మాట అయిదోదాని మీద రావాలి. తీగలు కలిసొస్తాయని మేం ఆ నాలుగును అదే కనెక్టరులో అయిదుకు కలిపేసేవాళ్లం. ఆరు, ఎనిమిది, ఇరవై పిన్నులను కూడా అలాగే ముడేసేవాళ్లం. అంటే అడిగేదీ తనే, ఒప్పుకునేదీ తనే. అవతల మనిషి ఉన్నాడో లేడో అక్కర్లేదు. ఇది చెప్పినప్పుడు ఘనాపాఠిగారు గట్టిగా నవ్వారు. “అంతరాత్మ ప్రబోధం అంటారే, అందులో చాలా భాగం ఈ ముడే నాయనా!”

ఏ మాటా నడవనప్పుడు తీగ మీద ఏముంటుంది? సున్నా ఉంటుందనుకుంటాం. కాదు, ఒకటి ఉంటుంది. టెలిగ్రాఫు రోజుల నుంచి వచ్చిన అలవాటిది. లైను ఊరికే ఉన్నప్పుడు కూడా దాంట్లో కరెంటు పారుతూండాలి, అలాగైతే తీగ ఎక్కడైనా తెగితే ఆ క్షణమే తెలుస్తుంది. సీరియల్ పోర్టుకు ఆ అవసరం అంతగా లేకపోయినా సంప్రదాయం మిగిలింది. మాట లేని తీగ వరసగా ఒకట్లతో నిండి ఉంటుంది. తెగిన తీగ నిశ్శబ్దం వేరు, నిండిన తీగ మౌనం వేరు. మర్రిచెట్టు కింద దక్షిణామూర్తి ముసలి శిష్యులకు మౌనంతో బోధించాడని చెబుతారు. మాట్లాడకుండా కూర్చోవడం బోధ ఎలా అవుతుందని చిన్నప్పుడు మా నాన్నగారిని విసిగించేవాణ్ని. తీగ అవతలి చివర ఒకడు ఉన్నాడు, పట్టుకుని ఉన్నాడు అన్నదే ఆ మౌనంలోని మొదటి సమాచారమని ఇప్పుడనిపిస్తుంది.

అక్షరం రావాలంటే ఆ ఒకటి ఒక్కసారి సున్నా కావాలి. దాన్ని స్టార్ట్ బిట్ అంటారు. దాని వెనక అక్షరం తాలూకు ఎనిమిది బిట్లు, ఆ వెనక మళ్లీ ఒకటి, అంటే స్టాప్ బిట్. మౌనంలోంచి దిగి, చెప్పాల్సింది చెప్పి, మౌనంలోకి ఎక్కడం. ప్రతి అక్షరానికీ ఇదే తంతు. పది బిట్ల కాలం ఖర్చు చేస్తే ఎనిమిది బిట్ల సరుకు చేరుతుంది. దుబారా కాదా అంటే, కాదు. రెండు యంత్రాలకూ ఎవరి గడియారం వాళ్లది. వాటిని కలిపే తీగ మా మూడింటిలో లేదు. వినేది స్టార్ట్ బిట్ కనబడగానే తన గడియారంతో లెక్క మొదలుపెట్టి, ఒక్కో బిట్టు నడిమికి వచ్చినప్పుడల్లా చూసుకుంటుంది. పదో బిట్టు నడిమికి చేరేసరికి తొమ్మిదిన్నర బిట్ల కాలం గడుస్తుంది. అంతసేపట్లో సగం బిట్టు తేడా రాకుంటే చాలు. అంటే రెండు గడియారాల మధ్య నూటికి దాదాపు అయిదు పాళ్ల తేడా ఉన్నా మాట చెడదు. స్టాప్ బిట్ దగ్గర పాత తేడా అంతా రద్దయిపోయి, వచ్చే స్టార్ట్ బిట్‌తో లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

గురువు కాలం, శిష్యుడి కాలం ఎన్నడూ ఒకటి కావు. ఒకరిది నిండిన వయసు, ఇంకొకరిది ఉరకలు వేసే వయసు. రోజంతా ఒకే వేగంతో నడవాలంటే ఎవరి వల్లా కాదు. ఒక్క మాట సేపు కలిసి నడిస్తే చాలు, ఆ మాట అయ్యాక మౌనంలో కలుసుకోగలిగితే. జపం చేసేవాళ్లు కూడా గంటసేపు మనసు చెదరకుండా నిలవలేదని బాధపడతారు. గంట నిలవమని అడిగిందెవరు? ఒక నామం సేపు నిలిచి, పూసకూ పూసకూ మధ్య ఊపిరి దగ్గరకు తిరిగొస్తే చెదిరినంత మేరా అక్కడే మాసిపోతుంది. నా అనుభవంలో జపం పాడయ్యేది మనసు చెదిరినందుకు కాదు, రెండు నామాల మధ్య చోటు వదలకుండా పరుగెత్తినందుకు.

ఇక మా మొదటి ప్రయత్నం. డాస్‌లో ‘మోడ్’ అనే ఆదేశంతో పోర్టు వేగం చెప్పాలి. వేగం ఒక్కటే చెప్పి ఊరుకుంటే మిగిలినవి అదే అనుకుంటుంది. తప్పు పట్టుకోవడానికి సరి పారిటీ బిట్టు ఉందనుకుంటుంది, అక్షరానికి ఏడు బిట్లు అనుకుంటుంది. నేను ఊరుకున్నాను. కొత్తదాన్ని కూడా దానికి తగ్గట్టే పెట్టాను. ఫైలు దాటింది. తెర మీద చూస్తే తెలుగు లేదు, అంకెలూ గుర్తులూ ఇంగ్లీషు అక్షరాలూ కలగాపులగంగా ఉన్నాయి. ఘనాపాఠిగారు కళ్లజోడు పైకి నెట్టి మొదటి వరస చూశారు. అక్కడ ఓంకారం ఉండాలి. ఒక సున్నా, దాని పక్కన ఒక కొటేషన్ గుర్తు ఉన్నాయి.

“పూర్ణం పంపితే శూన్యం చేరిందే!”

ఎందుకలా అయిందో కాగితం మీద వేసి చూపించాను. రెండు యంత్రాల్లోనూ పుణె సీడాక్ వారి జిస్ట్ కార్డు ఉంది. దాంట్లో తెలుగు అక్షరాలు ఇస్కీ పద్ధతిలో ఉంటాయి. 1991లో భారత ప్రమాణాల సంస్థ ఖాయం చేసిన పద్ధతి అది. ఇంగ్లీషు అక్షరాలకు 128 లోపు సంఖ్యలు, మనవాటికి పై సగంలోవి. ‘ఓ’కు 176, సున్నకు 162. ఆ పై సగంలో ఉందని చెప్పేది ఎనిమిదో బిట్టు ఒక్కటే, దాని విలువ 128. అది రాలిపోతే 176 కాస్తా 48 అవుతుంది, ఇంగ్లీషు లెక్కలో అది ‘0’ అంకె. 162 పోయి 34 అవుతుంది, అది కొటేషన్ గుర్తు. ‘క’ 179 గనక 51 అయి ‘3’గా మిగులుతుంది. పుస్తకంలో ప్రతి ‘క’ ఒక మూడు.

ఇందులో నన్ను పట్టుకున్న సంగతి ఒకటుంది. ఎక్కడా పొరపాటు జరగలేదు. ఏడు బిట్లకు వేసిన పారిటీ ఏడు బిట్లకూ సరిపోయింది. యంత్రం ఒక్కసారి కూడా ఫిర్యాదు చెయ్యలేదు. తీగ తన కొలత మేరకు నిజాయితీగానే మోసింది, కొలతే చిన్నది. అష్టాంగాలనీ అష్టవిధ ప్రకృతి అనీ ఇక్కడ ఎనిమిదికి ఏదో ఒకటి ముడిపెట్టొచ్చు. అలాంటి ముడులు నేను వేయను, అవి నాలుగో అయిదో పిన్నుల ముడి లాంటివి. ఇంతమాత్రం చెబుతాను. శాస్త్రం చదివి నాస్తికంగానో శుష్కంగానో మిగిలినవాణ్ని చూసి ‘తప్పు చదివాడు’ అంటాం. చాలాసార్లు తప్పు చదవడు. అక్షరం ఏ లోకానిదో చెప్పే ఆ ఒక్క బిట్టుకు వాడి వినికిడిలో చోటుండదు, అంతే.

అలాంటి ఇరుకు దారిలోంచి కూడా మొత్తం దాటించిన మహానుభావులున్నారు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ డ క్రూజ్, బిల్ క్యాచింగ్స్ 1981లో ‘కెర్మిట్’ అనే పద్ధతి తయారుచేశారు. పేరు బొమ్మలాటలోని కప్పది. ఎనిమిదో బిట్టు దాటని లైనైతే, ఆ బిట్టు ఉన్న ప్రతి అక్షరానికీ ముందు ఒక & గుర్తు చేర్చి పంపుతుంది. అవతలివాడు ఆ గుర్తు చూసి, రాలిన బిట్టును మళ్లీ తగిలించుకుంటాడు. ఇరుకు చెవికి పెద్దమాట చెప్పాలంటే మాటను కోసేయనక్కర్లేదు, కాస్త పొడిగించి చెప్పాలి. మన పురాణకర్తలు చేసిందీ ఇదే పని.

రెండోసారి ఎనిమిది బిట్లు పెట్టి, సెకనుకు 2400 బిట్ల నింపాది వేగంతో ఎక్స్‌మోడెం వాడాను. షికాగోలో ఐబీఎం ఉద్యోగిగా ఉంటూ వార్డ్ క్రిస్టెన్సన్ 1977లో సొంత అవసరానికి రాసుకుని, ఎవరైనా వాడుకోండని వదిలేసిన పద్ధతి. ఏదో హడావుడిగా కట్టేశానని ఆయనే చెప్పుకున్నాడు. ఆ హడావుడి పని ఎన్నో ఏళ్లు ఎన్నో దేశాల్లో నడిచింది.

పాతదాంట్లో ‘పంపు’ అని కొట్టాను. ఏమీ కదల్లేదు. “ఏమైంది?” అన్నారాయన. ఏమీ కాలేదు. ఎక్స్‌మోడెంలో పంపేవాడు తనంతట తను నోరు విప్పడు. వినేవాడు ముందు ఒక సంకేతం పంపాలి, దాన్ని నాక్ అంటారు, సంఖ్య 21. ‘నాకు అందలేదు’ అని దాని అర్థం. ఇంకా ఏదీ పంపకుండానే ‘అందలేదు’ అనడం! అవతలి నుంచి జవాబు వచ్చేదాకా పది సెకన్లకొకసారి ఆ మాటే అంటాడు. అప్పుడు పంపేవాడు 128 అక్షరాల ముక్క ఒకటి పంపి ఆగుతాడు. అందితే వినేవాడు ఆక్ అంటాడు, సంఖ్య 6. అప్పుడే తర్వాతి ముక్క. చెడిపోయి అందితే మళ్లీ నాక్, మళ్లీ అదే ముక్క.

ఘనాపాఠిగారి ముఖం వెలిగింది. “ఇది సంథ చెప్పడమే కదయ్యా!” వేదపాఠశాలలో గురువుగారు ఒకసారి చెబుతారు, పిల్లవాడు రెండుసార్లు అంటాడు. స్వరం తప్పితే ముందుకు పోవడం లేదు.

నా మనసు మాత్రం ఆ మొదటి నాక్ దగ్గరే ఆగిపోయింది. ఛాందోగ్యం ఎనిమిదో అధ్యాయంలో ఇంద్రుడూ విరోచనుడూ కలిసి ప్రజాపతి దగ్గరకు వెళతారు. ముప్పై రెండేళ్లు బ్రహ్మచర్యం చేశాక, నీటిపాత్రలో కనబడే నీ రూపమే ఆత్మ అన్నట్టుగా ఆయన మాట ఒకటి ఇద్దరికీ చేరుతుంది. విరోచనుడు ‘అందింది’ అనుకుని తృప్తిగా ఇంటికి పోయి, దేహాన్నే పూజించండని తన వాళ్లకు బోధిస్తాడు. ఇంద్రుడూ బయల్దేరాడు. కానీ సగం దారిలో ఆగాడు. దేహానికి గుడ్డితనం వస్తే ఈ ఆత్మా గుడ్డిదే అవుతుంది కదా, దేహం పోతే ఇదీ పోతుంది కదా అని తోచి, సమిధలు పట్టుకుని వెనక్కి వచ్చాడు. ఇంకో ముప్పై రెండేళ్లు. ఈసారి కలలోని పురుషుణ్ని చెప్పాడు ప్రజాపతి. అదీ అందలేదని మళ్లీ వచ్చాడు, ఇంకో ముప్పై రెండు. గాఢనిద్రను చెప్పాడు, అదీ చాలలేదు, ఇంకో అయిదేళ్లు. మొత్తం నూటొక్క ఏళ్లు.

ఇద్దరికీ గురువు ఒక్కడే, మొదటి ముక్క ఒక్కటే. తేడా అంతా జవాబులో ఉంది. విరోచనుడికి తెలివి తక్కువని ఉపనిషత్తు అనలేదు. అందకుండానే ఆక్ కొట్టాడు, అంతే. ఆక్ వచ్చాక పంపేవాడు ఆ ముక్క మళ్లీ పంపడు, ఎంత దయగలవాడైనా సరే. ఆ పద్ధతిలో అందుకు వీల్లేదు. ప్రవచనాలకు వెళ్లి తల ఊపేవాళ్లలో నేనూ ఒకణ్ని. ఎన్ని ముక్కలకు ఉత్తుత్తి ఆక్ కొట్టానో ఇప్పుడు లెక్క తీయలేను.

ఉపమానం ఇక్కడ కొంచెం తప్పుతుందని కూడా ఒప్పుకోవాలి. ఎక్స్‌మోడెం పది సార్లడిగినా అదే ముక్కను అక్షరం మార్చకుండా పంపుతుంది. ప్రజాపతి మాత్రం ఇంద్రుడు తిరిగొచ్చిన ప్రతిసారీ ఒక మెట్టు పైమాట చెప్పాడు. యంత్రానికి తెలిసింది మళ్లీ చెప్పడమే, విడమరచి చెప్పడం తెలియదు.

“అది సరే, మా పిల్లవాడు విన్నదంతా తిరిగి అనాలి. మీవాడు ఊ కొడితే సరిపోతుందా? సరిగ్గా విన్నాడని వాడికెలా తెలుసు?” అని ఘనాపాఠిగారు గట్టి ప్రశ్నే వేశారు. ముక్క చివర ఒక చెక్‌సమ్ వస్తుంది. 128 అక్షరాల సంఖ్యలన్నీ కూడి, 256తో భాగిస్తే మిగిలిన శేషం. వినేవాడు తనూ కూడి చూసుకుంటాడు. రెండూ కలిస్తే ఆక్.

ఆయన వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నారు. “రెండు అక్షరాలు ఒకదాని చోట ఒకటి పడితే? మొత్తం అంతే వస్తుంది కదయ్యా?”

వస్తుంది. కూడికకు వరస తెలియదు. ఒకచోట పెరిగినంత ఇంకోచోట తగ్గినా దానికి తెలియదు. అందుకే తర్వాతివాళ్లు సీఆర్‌సీ అనే గట్టి లెక్క తెచ్చారు, అది వరసను కూడా పట్టుకుంటుంది. ఆయన మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే ఎందుకు పసిగట్టారంటే, జీవితమంతా చేసింది ఆ కాపలాయే. ఘన అనే వేదపాఠ పద్ధతిలో మొదటి రెండు పదాలు ముందుకు చెప్పి, వెనక్కి చెప్పి, మూడోదాన్ని కలిపి ముందుకు, మూడూ వెనక్కి, మళ్లీ ముందుకు. పదం పోయినా తెలుస్తుంది, పదం చోటు మారినా తెలుస్తుంది. మొత్తం సరిపోయి వరస తప్పిన బతుకులు మన చుట్టూ కొల్లలు. అన్నదానమూ ఉంది, తీర్థయాత్రా ఉంది, పూజా ఉంది. తల్లికి మందు తేవడం మాత్రం వాటన్నిటి తర్వాత ఉంది. కూడి చూస్తే పుణ్యం లెక్క ఎక్కడా తగ్గదు.

ప్రతి ముక్క ముందూ దాని వరస సంఖ్య వస్తుంది, ఆ వెంటనే ఆ సంఖ్య తిరగేసి వస్తుంది. ఒకట్లున్నచోట సున్నాలు, సున్నాలున్నచోట ఒకట్లు. ఒకటో ముక్కకు 1, పక్కన 254. ఏడో ముక్కకు 7, పక్కన 248. ఏ ముక్కకైనా రెండూ కలిపితే 255. చెప్పిన మాట, దాని పక్కనే దాన్ని కాదనే మాట. అధ్యారోపం, అపవాదం అని వేదాంతులు చెప్పే జంట ఇదే కదా అని ఆరోజు రాత్రి పడుకున్నాక తోచింది. జగత్తు ఉందని ముందు చెప్పి, ఆనక కాదని తీసేస్తారు. రెండూ కలిస్తే మిగిలేదేమిటి? 255ను బిట్లలో రాసి చూశాను. ఎనిమిదీ ఒకట్లే. అది తీగ మీదకు ఎక్కితే స్టార్ట్ బిట్ అనే ఒక్క కుదుపు తప్ప మిగిలినదంతా ఏ మాటా లేని తీగలాగే ఉంటుంది. అవునన్నదీ కాదన్నదీ కూడితే మొదటి మౌనమే వచ్చింది. క్రిస్టెన్సన్‌కు ఇలాంటి ఆలోచనేమీ ఉండి ఉండదు, తప్పు పట్టుకోవడానికి పెట్టాడు. నాకు నిద్రపట్టలేదు.

ఆక్ గురించి ఘనాపాఠిగారు చెప్పిన మాట కూడా రాయాలి. బృహదారణ్యకంలో ప్రజాపతి దేవతలకూ మనుషులకూ అసురులకూ ‘ద’ అని ఒక్క అక్షరమే చెప్పి, తెలిసిందా అని అడుగుతాడు. ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. ఇంద్రియాలను అణచుకోవాలని దేవతలు, ఇవ్వాలని మనుషులు, దయ చూపాలని అసురులు. మూడింటికీ ఆయన ‘ఓం’ అంటాడు, అవును తెలిసింది అని. ఛాందోగ్యం మొదట్లోనే ఓంకారానికి అనుజ్ఞ అనే అర్థం ఉంది. “మీ ఆరో నంబరు మా ఓంకారమే” అన్నారాయన. ఒకే అక్షరం ముగ్గురికి మూడు ఫైళ్లయి తెరుచుకుంది మరి. ఏ చెక్‌సమ్ దాన్ని పట్టుకుంటుంది?

ఇవన్నీ వినేవాడి దగ్గర వినే ప్రోగ్రాము ఉన్నప్పటి మాటలు. అదే లేకపోతే? దాన్ని పంపాలన్నా తీగ మీదే పంపాలి, అందుకోవాలన్నా అదే ఉండాలి. సాధన ఉంటే గాని ఉపదేశం అందదు, ఉపదేశం అందితే గాని సాధన సాగదు అన్న పాత ముడి ఇది. ఆ ఏడాదే వచ్చిన ఎంఎస్-డాస్ 6లో దీనికో ఉపాయం ఉంది. ఏమీ లేని యంత్రం దగ్గర కూర్చుని రెండే రెండు ఆదేశాలు కొట్టాలి. మొదటిది పోర్టు వేగం చెప్పే మోడ్. రెండోది సీటీటీవై. దాంతో యంత్రం తన మీటల పలక మాట వినడం మానేసి, ఇక నుంచి సీరియల్ తీగలోంచి వచ్చేదే తన యజమాని ఆజ్ఞ అనుకుంటుంది. మనం ఎన్ని మీటలు నొక్కినా పలకదు. అప్పుడు అవతలి యంత్రం తీగలోంచే లోపలికి వచ్చి, కావలసిన ప్రోగ్రాము తనే రాసిపెడుతుంది.

కోతిపిల్ల తల్లి పొట్టను తనే కరుచుకుంటుంది. పిల్లికూనను తల్లే నోట కరుచుకుని మోస్తుంది. మర్కట కిశోర న్యాయమని ఒకటి, మార్జాల కిశోర న్యాయమని ఒకటి చెప్పి, ఈ రెంటి మీద శ్రీవైష్ణవులు తరాల తరబడి వాదించుకున్నారు. ఎక్స్‌మోడెం కోతిపిల్ల దారి. ప్రతి ముక్కకూ తనే అడగాలి, తనే పట్టుకోవాలి. సీటీటీవై పిల్లికూన దారి. కానీ ఆ రెండు ఆదేశాలు మాత్రం ఎవరో ఒకరు అక్కడ కూర్చుని కొట్టాల్సిందే. పిల్లికూన కూడా ఒకసారి మ్యావుమంటుంది. అందుకే ఆ వాదంలో నాకు ఎటూ పూర్తిగా మొగ్గు లేదు.

మా ఫైలు ఏడు వందల ఇరవై ముక్కలయింది. ముక్క సంఖ్యకు ఒక్క అక్షరమే చోటు గనక 255 తర్వాత 0 వస్తుంది. తీగకు తెలిసినంత వరకు మాల రెండుసార్లు తిరిగి మూడోసారి నడుస్తోంది. దాదాపు ఏడు నిమిషాలు. మధ్యలో ఒకసారి ఫ్యాను తీగ తగిలి నాలుగు నాకులు వరసగా పడ్డాయి. చివరి ముక్కలో మిగిలిన చోటును ఎక్స్‌మోడెం 26వ నంబరు గుర్తులతో నింపుతుంది, దాంతో చేరింది పంపినదానికంటే కాస్త పెద్దదిగా ఉంటుంది. ఫైలు పేరు మాత్రం తీగ మీద నడవదు. అందుకునేవాడే ముందుగా పేరు పెట్టుకుని కూర్చోవాలి. ఏం పెట్టమంటారని అడిగితే, “వచ్చేదేమిటో చూడకుండా పేరేమిటి?” అన్నారు ఘనాపాఠిగారు. డాస్ అలా ఒప్పుకోదు గనక నేనే ఏవో ఎనిమిది అక్షరాలు కొట్టాను.

అంతా అయ్యాక పంపేవాడు ‘అయిపోయింది’ అన్నాడు. మా ప్రోగ్రాము దానికీ ఒకసారి నాక్ కొట్టే రకం. ‘అయిపోయింది’ అని రెండోసారి విన్నాకే ఆక్ ఇచ్చింది. ఫైలు తెరిచాను. మొదటి వరసలో ఓంకారం నిండుగా ఉంది. ఆయన తెర మీద వేలు పెట్టి ఒక్కో వరసా చదువుకుంటూ పోయారు. ఇంద్రుడి కథ దగ్గర వేలు ఆగింది. అక్కడ ఇంద్రుడు గురుకులంలో తొంభై ఆరేళ్లు ఉన్నాడని ఉంది.

తీగ మీద తప్పు పడిందేమోనని పాతదాంట్లో చూశాను. అక్కడా తొంభై ఆరే. “కుర్రాడు సరిగ్గానే కొట్టాడు, నీ తీగా సరిగ్గానే మోసింది. నేనే చివరి అయిదేళ్లు మరిచాను నాయనా. ముప్పై రెండేళ్లు మూడుసార్లు కూడి ఊరుకున్నాను” అన్నారు ఘనాపాఠిగారు. కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుని, ఏ మీట ఎక్కడుందో అడుగుతూ తనే నూటొక్కటి అని దిద్దారు. కొత్తదాంట్లో దిద్దాం. సాయంత్రం తీగ ఊడదీసి చుట్ట చుట్టాను. పాతదాంట్లో ఇంద్రుడు తొంభై ఆరేళ్ల దగ్గరే ఉండిపోయాడు.